థ్రాటిల్ వదిలినప్పుడా, బ్రేక్ లివర్ పట్టినప్పుడా: ఈ-సైకిల్ రీజెన్‌కు ఏది మేలు?

ఆపేటప్పుడు మోటారే జనరేటరులా పనిచేసి బ్యాటరీకి కొంత ఛార్జి పంపడాన్ని రీజెనరేటివ్ బ్రేకింగ్, క్లుప్తంగా రీజెన్ అంటారు. దాన్ని సరిచేసుకునే ముందు సైకిల్ చక్రం హబ్‌లో, అంటే మధ్య భాగంలో, ఉన్నది ఏ రకం మోటారో చూసుకోవాలి. గేర్ల హబ్ మోటారులో సాధారణంగా ఫ్రీవీల్ క్లచ్ ఉంటుంది కాబట్టి, చక్రం దొర్లుతున్నా మోటారు తిరగదు. మోటారుకు కరెంటును నియంత్రించే కంట్రోలర్‌లో రీజెన్ సెట్టింగు కనిపించినా దానితో పని జరగదు. పవర్ ఆపి, చక్రాన్ని పైకెత్తి చేత్తో ముందుకు తిప్పినప్పుడు లోపల అయస్కాంతాలు పట్టి పట్టి వదులుతున్నట్లు తగిలితే అది గేర్లు లేకుండా నేరుగా చక్రాన్ని తిప్పే డైరెక్ట్ డ్రైవ్ మోటారు.

అలాంటి మోటారుకు రెండు అమరికలు వాడుకలో ఉన్నాయి: థ్రాటిల్ వదలగానే వేగాన్ని పట్టి ఆపేది ఒకటి, బ్రేక్ లివర్‌లోని స్విచ్ కదిలితేనే పనిచేసేది రెండవది. మొదటిదాన్ని ఛార్జి కోసం మెచ్చుకుంటారు గాని, లెక్క వేస్తే ఆ మెప్పు నిలవదు. మనిషితో కలిపి 90 కిలోల బరువు గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు అందులోని శక్తి దాదాపు 0.6 వాట్-అవర్ మాత్రమే. సగం తిరిగివచ్చినా 36 వోల్టుల, 10 ఆంపియర్-అవర్ (అంటే 360 వాట్-అవర్ల) బ్యాటరీలో అది వెయ్యోవంతు కూడా కాదు. కాజీపేట రైల్వే వంతెన వంటి చోట పది మీటర్ల ఎత్తు దిగినా, నష్టాలు తీయకముందే, రెండున్నర వాట్-అవర్లకు మించదు. హన్మకొండ నుంచి వరంగల్ దాకా పెద్దగా ఎత్తుపల్లాలు లేని దారిలో థ్రాటిల్ వదిలి సైకిల్‌ను దాని ఊపులో పోనివ్వడమే లాభం.

అందుకే మా వరంగల్ రోడ్లకు లివర్ అమరికే మేలని నా అభిప్రాయం. చౌరస్తా దగ్గర ముందున్న ఆటో హఠాత్తుగా ఆగినప్పుడు చెయ్యి ఎలాగూ లివర్ మీదికే పోతుంది. బ్రేక్ కేబుల్‌ను కాస్త వదులుగా ఉంచితే లివర్ మొదటి కదలికకు స్విచ్ మాత్రమే పనిచేసి, ఇంకా నొక్కితే ప్యాడ్లు పట్టుకుంటాయి. ఛార్జి కన్నా ప్యాడ్ల అరుగుదల తగ్గడమే ఇక్కడ అసలు ఆదా. అయితే నడక వేగానికి దిగాక మోటారు పట్టు దాదాపు ఉండదు కాబట్టి, పూర్తిగా ఆపేది ప్యాడ్లే.

రీజెన్ బలాన్ని మధ్యస్థంగా ఉంచాలి. బలం పెంచితే వానకు తడిసిన రోడ్డు మీద మోటారున్న చక్రం జారవచ్చు. మోటారు ముందు చక్రంలో ఉంటే అది మరీ ప్రమాదం. పైగా తోసేటప్పుడు ఒకవైపు, ఆపేటప్పుడు మరోవైపు మెలిపడడం వల్ల ఇరుసు నట్లు వదులవుతాయి. ఇరుసు తిరగకుండా ఫ్రేముకు పట్టి ఉంచే టార్క్ ఆర్మ్ లేకుండా బలం పెంచకూడదు. 36 వోల్టుల బ్యాటరీని 42 వోల్టుల దాకా నింపి బయలుదేరినప్పుడు రీజెన్ కరెంటుకు చోటుండదు, బ్యాటరీని కాపాడే సర్క్యూట్ (బీఎంఎస్) దాన్ని తెంచేయవచ్చు. కాబట్టి మొదటి కొన్ని కిలోమీటర్లు మామూలు బ్రేకులనే నమ్ముకోవాలి.