పిత్తనాళంలో స్టెంట్ వేయించారా? తీసే తేదీ అడిగి రాయించుకోండి

మాది దేవరకొండ దగ్గర. నల్లగొండలో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో మా అమ్మకు గాల్‌బ్లాడర్ రాళ్ల ఆపరేషన్ చేయించాం. మూడు వారాలకే కళ్లు పచ్చబడ్డాయి, ఒళ్లంతా దురద, మూత్రం డికాషన్ లాగ. పెద్దమ్మ పసరు పోయిద్దామంది, వద్దన్నందుకు ఇప్పటికీ మాతో సరిగ్గా మాట్లాడదు. ఎమ్మార్సీపీ (పిత్తనాళాలను చూపించే ఎమ్మారై స్కాన్) తీస్తే కాలేయం నుంచి పైత్యరసం వచ్చే నాళం ఒకచోట సన్నబడిందని తేలింది. ఆపరేషన్లో నాళానికి దెబ్బ తగిలితే అలా అవుతుందట. సరే, దాని మీద నాకు గొడవ లేదు. కోపమంతా ఆ తర్వాతి సంగతి మీదే.

అక్కడే ఇఆర్‌సీపీ చేశారు. నోట్లోంచి ఎండోస్కోపీ గొట్టం పంపి, సన్నబడ్డ చోట బెలూన్‌తో వెడల్పు చేసి, నాళం మళ్లీ మూసుకోకుండా ప్లాస్టిక్ స్టెంట్ (సన్నటి గొట్టం) పెట్టారు. "ప్యాకేజీ, ఒక్కసారితో అయిపోతది" అని డబ్బులు కట్టించుకున్నారు. కామెర్లు తగ్గాయి, అమ్మ పత్తి ఏరడానికి కూడా పోయింది. ఐదో నెలలో ఒక రాత్రి చలిజ్వరం, రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు, తెల్లారేసరికి కుడివైపు పొట్టలో నొప్పి, మళ్లీ కళ్లు పచ్చగా. హైదరాబాద్ తీసుకుపోతే డాక్టర్ మొదటి మాటే "స్టెంట్ ఎప్పుడు మార్పించారు?" మార్చాలని తెలిస్తే కదా!

ప్లాస్టిక్ స్టెంట్ మూడు నెలలు దాటితే మడ్డి పట్టి మూసుకుపోయే ప్రమాదం ఎక్కువ, అప్పుడు రసం ఆగి ఇన్ఫెక్షన్ వస్తుంది, అది రక్తానికి ఎక్కితే ప్రాణానికే ముప్పు. ఆపరేషన్ తర్వాత వచ్చే ఇలాంటి ఇరుకుకు మామూలుగా మూడు నెలలకోసారి మారుస్తూ, స్టెంట్ల సంఖ్య పెంచుతూ ఏడాది దాకా చేస్తారట. మరి ఒక్కసారితో ఎలా అయిపోతుంది? ఆసుపత్రికి ఫోన్ చేస్తే "కాగితంలో రాశాం, మీరే రాలేదు" అన్నారు. తీసి చూస్తే నిజంగానే ఉంది, కింద ఓ మూలన ఇంగ్లీషులో మూడు నెలలకు రివ్యూ అని. స్టెంట్ తీయాలన్న ముక్కే లేదు, మనిషి బాగుంటే రివ్యూకు బస్సు చార్జీలు దండగని ఎవరైనా అనుకుంటారు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇది చేయిస్తుంటే ప్లాస్టికా, మెటలా అని ముందే అడగండి. మెటల్ అంటే పూర్తిగా కవర్ ఉన్నదేనా అని కూడా అడగండి. కవర్ లేనిది పెడితే కండ అల్లుకుపోయి తర్వాత తీయడం చాలా కష్టం. మార్చే ఖర్చు ప్యాకేజీలో ఉందో లేదో కాగితం మీద రాయించుకోండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ముందు ఆరోగ్యమిత్రను కలవండి, మేము ఆ పని చేయక అప్పుల పాలయ్యాం. స్టెంట్ ఉన్నవాళ్లకు చలిజ్వరం వస్తే ఆరెంపీ దగ్గర సూది వేయించి రోజులు గడపకండి, అదే రోజు పెద్దాసుపత్రికి పోండి.

అమ్మకు ఇప్పుడు రెండు స్టెంట్లు ఉన్నాయి. మార్చే తేదీ ఈసారి డాక్టరుతోనే తెలుగులో రాయించుకున్నాం, కాగితం ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉంది.