పసుపు నీళ్ళు తాగిన డీజిల్ బండి: మూడేళ్ళు, 62 వేల కిలోమీటర్లు

ముందే చెప్పేస్తున్నా, బండి పేరు, కంపెనీ పేరు రాయట్లా, జరిగినదాంట్లో కంపెనీ తప్పు గోరంత కూడా లేదు. అమ్మినోళ్ళ పేరు కూడా రాయను, వాళ్ళతో లెక్క తేలిపోయింది. 2014 మోడల్ డీజిల్ సెడాన్, నాలుగు సిలిండర్లు, ఏపీ 27 నంబరు, అంటే ప్రకాశం రిజిస్ట్రేషన్. రెండో ఓనర్ పాత బండ్లు అమ్మే కన్సల్టెన్సీలో పెడితే 2022 జూన్ మొదటి వారంలో 4 లక్షల 10 వేలకి నేను తీసుకున్నా. అప్పుడు మీటర్ 84 వేలు, ఇప్పుడు 1,46,000 దాటింది. మధ్యలో, తీసుకున్న ఇరవై మూడో రోజున, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగం హెడ్‌కీ, కింద బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) పోయి ఇంజిన్ మొత్తం దించాల్సొచ్చింది. కాబట్టి ఇది బండి రివ్యూ కంటే రిపేరు రివ్యూ అనుకోండి.

నాది కావలి. రొయ్యల గుంటల నీళ్ళు టెస్ట్ చేసే ల్యాబ్‌లో పని. సీజన్‌లో రోజుకి ముప్పై నలభై బాటిళ్ళు వస్తాయి, ఉప్పెంత, పీహెచ్ ఎంత, హార్డ్‌నెస్ (నీళ్ళలో సున్నం లాంటి లవణాలు) ఎంత అని పొద్దస్తమానం అదే గోల. ఊళ్ళోవాళ్ళ నీళ్ళన్నీ చూసేవాణ్ణి నా బండిలో నీళ్ళు చూసుకోలా, అదీ నా బాధ, ఇంట్లో ఇప్పటికీ దీనిమీద జోకులేస్తారు.

కొనేటప్పుడు అందరూ చూసేవే చూశా. పెయింట్, టైర్లు, డోర్ల రబ్బర్ల కింద వెల్డింగ్ ఉందా, సర్వీస్ బుక్ (61 వేల దాకానే ముద్రలున్నాయి, ఆ తర్వాత బయట చేయించారంట), ఫైనాన్స్ ఎన్‌ఓసీ, ఫారం 29, 30 సంతకాలు. తెలిసిన కుర్రాణ్ణి ఒకణ్ణి తీసుకెళ్ళి బైపాస్ మీద ట్రయల్ కూడా వేయించా, పికప్ బాగుంది, పొగ లేదు. కానీ ఒకటి గమనించలా, మేం పోయేసరికే బండి స్టార్ట్ చేసి ఉంది. "ఎండన పడి వస్తుండారు కదన్నా, ఏసీ వేసి చల్లగా పెట్టాం" అన్నారు. నేనేమో మర్యాద అనుకుని మురిసిపోయా. వేడిమీద ఉన్న ఇంజిన్‌కి రేడియేటర్ మూత ఎవరూ తియ్యరు కదా, తీస్తే మొహం కాలుద్ది. పక్కనున్న తెల్ల ప్లాస్టిక్ బాటిల్‌లో మాత్రం నీళ్ళు పచ్చగా కనపడ్డాయి, పచ్చగా అంటే ఆకుపచ్చ కాదు, పసుపు పచ్చ. కూలెంట్ ఆకుపచ్చా వస్తుంది, గులాబీ, నీలం, పసుపూ వస్తుంది, సరే ఇది పసుపు రకం అనుకుని వదిలేశా.

ఇరవై రెండు రోజులు బ్రహ్మాండంగా తిరిగింది. నెల్లూరు నాలుగుసార్లు, మైపాడు బీచ్ ఒకసారి.

ఆరోజు ఒంగోలు నుంచి వస్తున్నాం, మా అత్తగారి ఊరు ఆడే. నేను, మా ఆవిడ, పిల్లోడు, డిక్కీలో మామగారిచ్చిన బియ్యం మూట. సాయంత్రం ఐదైనా ఎండ మండిపోతోంది. సింగరాయకొండ దాటి ఉలవపాడు దగ్గర రోడ్డు పక్కన మామిడికాయల కోసం ఆగాం, సీజన్ ఆఖరు, బంగినపల్లి రెండు బుట్టలే మిగిలున్నాయి. ఇంజిన్ ఆపలా, ఏసీ కోసం. మళ్ళీ బయల్దేరిన ఐదు నిమిషాలకి మా ఆవిడ "ఏమండీ, ఏసీలోంచి సెగొస్తా ఉంది" అంది. ఎండకి అట్టానే ఉంటది, గ్యాస్ తగ్గిందేమో అన్నా. తర్వాత తెలిసిందేంటంటే, ఇంజిన్ మరీ వేడెక్కితే ఈ బండ్లలో కంప్యూటరే ఏసీ కంప్రెసర్‌ని కట్ చేస్తుంది, భారం తగ్గించడానికి. అంటే బండి చెప్పింది, మా ఆవిడా చెప్పింది, వినంది నేనొక్కణ్ణే.

ఇంకో రెండు కిలోమీటర్లకి టెంపరేచర్ ముల్లు సగం దాటి హెచ్ వైపు పోవడం చూశా. ఆపుదాం అనుకునే లోపు ముల్లు దానంతటదే సర్రున కిందకి దిగిపోయింది. హమ్మయ్య, గాలి తగిలి చల్లబడింది, కావలి ఇంకెంతో లేదు, పోదాం అనుకున్నా. రిపేరుకి నా 71 వేలు పోయింది ఈడే. ముల్లు దిగింది ఇంజిన్ చల్లబడి కాదు, లోపల నీళ్ళు అయిపోయి. ఆ సెన్సర్ నీళ్ళలో మునిగి ఉంటేనే సరిగా చెప్తుంది, నీళ్ళు పోయి గాలీ ఆవిరీ మిగిలితే తప్పు చూపిస్తుంది. నిప్పుల కుంపటిలా ఉన్న ఇంజిన్‌ని అట్టా ఇంకో ఆరు కిలోమీటర్లు తోలా. తెట్టు దాటాక టకటకమని చప్పుడు, గుప్పుమని తెల్లటి పొగ, బండి ఊపిరాడనట్టు వణికి ఆగిపోయింది. బానెట్ ఎత్తితే బాటిల్ మూత దగ్గర బుసబుస పొంగుతోంది. పిల్లోడు ఏడుపు, నేను మామిడికాయల బుట్ట పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డా, ఎందుకు పట్టుకున్నానో నాకే తెలీదు.

హైవే హెల్ప్‌లైన్ 1033కి చేశా. పెట్రోలింగ్ బండి వచ్చి కోన్లు పెట్టి సైడుకి నెట్టించారు, ఇది బాగా పనికొచ్చింది, నంబరు ఫోన్లో పెట్టుకోండి. ఆడనుంచి కావలికి టోయింగ్ నేనే మాట్లాడుకున్నా, 2,500.

కావలిలో మొదట చూసినాయన బానెట్ ఎత్తి ఒక్క నిమిషంలో "ఇంజిన్ సీజ్ అయ్యుద్ది, హాఫ్ ఇంజిన్ వేసుకో, పాతది 90 వేలకి తెప్పిస్తా" అన్నాడు. సీజ్ అంటే లోపల బిగుసుకుపోవడం. తెరిచి కూడా చూడలా. మా ల్యాబ్‌కి వచ్చే రైతు ఒకాయన నెల్లూరు ఆటోనగర్‌లో ఒక మేస్త్రి దగ్గరికి పంపించాడు, యాభై ఏళ్ళ పైబడ్డ మనిషి, మాట తక్కువ. ఆయన మొదట చేసిన పని, ఆయిల్ పోసే మూత తీసి లోపలి వైపు నాకు చూపించడం. టీ మీద మీగడ లాగా లేత గోధుమ రంగు నురగ అంటుకుని ఉంది. "ఆయిల్లో నీళ్ళు కలిసినాయి. క్రాంక్ చేత్తో తిప్పితే తిరుగుతా ఉంది, కాబట్టి సీజ్ కాలా. హెడ్ దించి చూస్తేగానీ ఏం చెప్పలేను, దించినందుకు కూలీ అవుద్ది, సరేనా" అన్నాడు. సరే అన్నా. అట్టా ముందే చెప్పేవాళ్ళు తక్కువ.

మూడో రోజు ఫోన్ చేసి రమ్మన్నాడు. రెండో సిలిండరుకీ మూడో సిలిండరుకీ మధ్య గ్యాస్కెట్ కాలిపోయి నల్లగా దారి పడింది. అల్యూమినియం హెడ్ మీద ఉక్కు స్కేలు ఆనించి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకులు) దూర్చాడు, 0.20 మిల్లీమీటర్ల రేకు సులువుగా దూరిపోయింది, ఈ ఇంజిన్‌కి 0.05 లోపే ఉండాలంట. అంటే హెడ్ వంగింది. పైన హెడ్ అల్యూమినియం, కింద బ్లాక్ ఇనుము, వేడికి రెండూ ఒకేలా సాగవు, నీళ్ళు లేకుండా తోలితే మధ్యలో గ్యాస్కెట్ నలిగిపోతుంది.

అసలు కథ ఇది కాదు. ఇవన్నీ ఫలితాలు. థర్మోస్టాట్ (వేడిని బట్టి రేడియేటర్‌కి నీళ్ళు వదిలే వాల్వు) ఉండాల్సిన చోట ఖాళీ, ఎవరో పీకి పారేశారు, వేడెక్కే బండికి చాలామంది చేసే చిట్కా వైద్యం ఇదే. రేడియేటర్ కోస్తే సన్న ట్యూబుల్లో సగానికి పైగా తెల్లటి సున్నం, తుప్పు, మధ్యలో పచ్చటి బురద. వాటర్ పంప్ రెక్కలు తినేసినట్టు గుండ్రంగా అరిగిపోయాయి. మేస్త్రి ఆ బురద వేలితో తీసి వాసన చూసి నవ్వి "పసుపు" అన్నాడు.

నేను నమ్మలా. ఒక చిన్న బాటిల్‌లో ఆ నీళ్ళు, కవర్లో కొంచెం తెల్ల సున్నం పెచ్చు పట్టుకుని ల్యాబ్‌కి తీసుకొచ్చా. హార్డ్‌నెస్ చూద్దామని అమ్మోనియా బఫర్ (సున్నంలాగే క్షారం) రెండు చుక్కలు వేశా, ఇంకా ఇండికేటర్ వెయ్యనేలేదు, గ్లాసులో నీళ్ళు ఎర్రగా తిరిగాయి. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుద్దని మనింట్లో ముసలోళ్ళందరికీ తెలుసు, దిష్టి తీసేది ఆ నీళ్ళతోనే. నా బండికి దిష్టి నీళ్ళు రేడియేటర్లోనే కలిపి అమ్మారన్నమాట. ఆ తెల్ల పెచ్చు మీద యాసిడ్ చుక్క వేస్తే బుసబుసమని పొంగింది, అచ్చమైన కార్బొనేట్. రంగు అడ్డమొచ్చి అంకె కచ్చితంగా తేలలా గానీ హార్డ్‌నెస్ లీటరుకి 900 మిల్లీగ్రాముల పైమాటే. తాగే నీళ్ళకి ఐఎస్ఐ లెక్కలో మామూలు పరిమితి 200, వేరే దిక్కు లేకపోతే 600. మా సముద్రం వారల్లో బోరు నీళ్ళు అంతకన్నా ఎక్కువ ఉండేవి నేను రోజూ చూస్తా.

మేస్త్రి చెప్పింది, పాత లారీ డ్రైవర్లు దారిలో రేడియేటర్ కారితే పసుపు పోసేవాళ్ళు, అది ఉబ్బి సన్న చిల్లుని మూసేసి బండి ఊరు చేరుద్ది. ఊరు చేరాక కడిగి మాట్లేయించాలి, అది ఎవరూ చెయ్యరు. నా ముందు ఓనరో, కన్సల్టెన్సీవాళ్ళో, ఎవరు పోశారో నాకు ఇప్పటికీ తెలీదు. కూలెంట్ అంటే వట్టి రంగు నీళ్ళు అనుకునేవాళ్ళు మనలో చాలామంది, నేనూ ఆ బాపతే. దాంట్లో గ్లైకాల్ ఉంటుంది, నీళ్ళు మరిగే వేడిని పెంచుతుంది, తుప్పు పట్టకుండా మందులుంటాయి, సున్నం లేని డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపాలి. బోరు నీళ్ళు పోస్తే టీ కాచే గిన్నె అడుగున పట్టే తెల్ల పొర ఇంజిన్ లోపల పడుతుంది, అంతే తేడా.

పని పదహారు రోజులు పట్టింది. హెడ్‌ని లేత్ షాపులో ప్రెషర్ టెస్ట్ చేయించి పగుళ్ళు లేవని తేలాకే ఫేసింగ్ కొట్టించాడు, అంటే వంకర పోయేలా అరగదీసి చదును చేయించాడు. గ్యాస్కెట్ మూడు మందాల్లో వస్తుంది, అంచున గాట్లు లెక్కపెట్టి అది ఏ మందమో చెప్పొచ్చు, పిస్టన్ ఎంత పైకి వస్తుందో డయల్ పెట్టి కొలిచి దానికి తగ్గది వేశాడు. హెడ్ బోల్టులు పాతవే వేస్తే రెండు వేలు మిగులుద్ది కదన్నా అని నేను అడిగితే చూసిన చూపు ఇంకా గుర్తుంది, అవి బిగించినప్పుడు సాగే రకం, ఒక్కసారికే. కొత్త రేడియేటర్, వాటర్ పంప్, థర్మోస్టాట్, టైమింగ్ కిట్, హోస్ పైపులు, ఇంజెక్టర్ కింద రాగి వాషర్లు, ఆయిల్ రెండుసార్లు (మొదటిది వంద కిలోమీటర్లకే పారబోశాడు, లోపల మిగిలిన నీళ్ళు కడగడానికి). కూలీతో కలిపి 71 వేల చిల్లర.

ఇన్సూరెన్స్‌లో రూపాయి రాలేదు. మెకానికల్ బ్రేక్‌డౌన్ మామూలు పాలసీలో కవర్ కాదు, ఫుల్ ఇన్సూరెన్స్ అని ఎంత గట్టిగా చెప్పినా. పాలసీ నా పేరు మీదకి మార్చమని 14 రోజుల్లోపు అప్లై చెయ్యాలని కూడా అప్పుడే తెలిసింది, నేను చెయ్యలా, యాక్సిడెంట్ అయ్యుంటే ఇంకెంత గోలో.

కన్సల్టెన్సీకి పోతే "మేం ఇచ్చేటప్పుడు బాగుంది, నువ్వెట్టా తోలావో మాకేం తెలుసన్నా" అన్నారు. అదీ సగం నిజమే, ఆ ఆరు కిలోమీటర్లు నావే. ఉన్నది ఉన్నట్టు తీసుకున్నానని కాయితం మీద సంతకం కూడా పెట్టించుకున్నారు. నేను అరవలా. 1915కి, అదే కన్స్యూమర్ హెల్ప్‌లైన్, ఫోన్ చేశా. వ్యాపారం చేసేవాళ్ళ దగ్గర కొన్నా కాబట్టి సెకండ్ హ్యాండ్ అయినా ఫిర్యాదు చెయ్యొచ్చు, రెండేళ్ళ గడువు ఉంటుంది, 5 లక్షల లోపు సరుకైతే జిల్లా కమిషన్‌లో ఫీజు కూడా లేదు. లాయర్ చేత నోటీసు పంపించా, దాంతోపాటు హెడ్ ఫొటోలు, రేడియేటర్ కోసిన ఫొటోలు, మేస్త్రి రాసిచ్చిన కాయితం. నెల తిప్పి 25 వేలు ఇచ్చారు. కేసు వేస్తే ఇంకా వచ్చేదేమో, ల్యాబ్ మానుకుని నెల్లూరు తిరిగే ఓపిక లేక ఒప్పుకున్నా. మా బావ ఇప్పటికీ తిడతాడు.

ఇక ఆ తర్వాత బండి సంగతి. నిజం చెప్పాలంటే బాగుంది. హైవే మీద 80, 90లో పోతే లీటరుకి 20, 21 వస్తుంది, ఊళ్ళో 15. మే నెల నెల్లూరు ఎండలో ఏసీ వేసుకుని నలుగురం తిరుపతి పోయొచ్చాం, ముల్లు కదల్లా. ముల్లుని నేను నమ్మను లెండి, 900 పెట్టి ఓబీడీ ముక్క (బండి కంప్యూటర్‌కి తగిలించేది) కొని ఫోన్లో టెంపరేచర్ అంకెల్లో చూసుకుంటా, మామూలుగా 85 నుంచి 92 మధ్య ఉంటుంది. డాష్‌బోర్డు ముల్లు చాలా బండ్లలో 75కీ 100కీ ఒకే చోట నిలబడి ఉంటుంది, కంగారు పడకుండా కంపెనీవాళ్ళే అట్టా పెడతారు. సస్పెన్షన్ బుష్‌లు 1,05,000 దగ్గర మార్చా, క్లచ్ 1,22,000 దగ్గర పోయింది, అది 14 వేలు. ఆయిల్ కొంచెం తాగుతుంది, పది వేల కిలోమీటర్లకి అర లీటర్ దాకా, ఆ రోజు వేడికి పిస్టన్ రింగులు కొంత దెబ్బతిని ఉంటాయని మేస్త్రి అనుమానం. వెనక సీటులో మోకాళ్ళు తగులుతాయి, మామగారు ఎక్కిన ప్రతిసారీ అంటారు.

కూలెంట్ రెండేళ్ళకోసారి మారుస్తున్నా. నెలకోసారి పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి చూస్తా.

మొన్న మా బావ ఒంగోల్లో ఒక బండి చూశాడు, నన్నూ తీసుకెళ్ళాడు. ఈసారి చెప్పకుండా పొద్దున ఏడింటికే పోయాం, బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. మూత తీసి డ్రాపర్‌తో నాలుగు చుక్కలు తెల్ల మూతలో వేసి జేబులోంచి సున్నం డబ్బీ తీశా. ఆ అమ్మేవాడు నన్ను పూజారినో మంత్రగాణ్ణో అనుకున్నట్టున్నాడు, "ఏంది సామీ ఇది" అన్నాడు. రంగు మారలా, నీళ్ళు శుభ్రంగా గులాబీ రంగులోనే ఉన్నాయి. బండి మాత్రం బావ తీసుకోలా, రేటు కుదరలా. నా బండికి ఒకాయన రెండున్నర లక్షలు ఇస్తానంటున్నాడు, ఈ కథంతా ఆయనకీ చెప్పా, ఫొటోలు చూపించా. ఆలోచించి చెప్తానన్నాడు.