పిల్లల స్నోషూలు ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు జాగ్రత్త: ఫొటోలో ఇనుప పళ్లు, పెట్టెలో ప్లాస్టిక్

సియాటిల్, బెల్వ్యూ, బాథెల్ వైపు ఉండే మనవాళ్లందరికీ చెబుతున్నాను. ఈ చలికాలం చిన్నపిల్లల్ని స్నోక్వాల్మీ పాస్‌కి తీసుకెళ్లి మంచులో నడిపిద్దామనుకుంటుంటే, ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపించే స్నోషూ (మంచులో కాలు దిగబడకుండా బూటు కింద కట్టుకునే వెడల్పాటి పలక) సెట్ల జోలికి వెళ్లకండి. డబ్బు పోతే పోయింది, నా బాధ దాని గురించి కాదు. చలిలో పిల్ల కాలు తడవడం గురించి.

మా పాపకి ఐదేళ్లు. తన కోసం ఆన్‌లైన్‌లో ఒక సెట్ కొన్నాను: స్నోషూల జత, రెండు కర్రలు, ఒక సంచి కలిపి 45 డాలర్లు. 3 నుంచి 8 ఏళ్ల వాళ్లకు, ఎలాంటి మంచులోనైనా వాడొచ్చని రాశారు. ఫొటోలో అడుగున ఇనుప పళ్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఇంటికొచ్చినవి కూడా చూడ్డానికి అలాగే ఉన్నాయి, తళతళా మెరుస్తూ.

స్నోక్వాల్మీ పాస్ దగ్గరున్న గోల్డ్ క్రీక్ పాండ్ అనే చెరువుకి వెళ్లాం. చదునైన దారి కాబట్టి చిన్నపిల్లలకు బాగుంటుంది. మెత్తటి మంచులో పాప హుషారుగానే నడిచింది. నలుగురూ తొక్కి గట్టిపడ్డ చోట చిన్న ఎత్తు వచ్చేసరికి "నాన్నా, జారిపోతున్నా" అని మొదలుపెట్టింది. అడుగు పైకి వేస్తే వెనక్కి జారుతోంది. తిప్పి చూస్తే పళ్ల మీద వెండి రంగు ఊడిపోయి కింద నల్లటి ప్లాస్టిక్ బయటపడింది. గట్టి మంచులో అవి దిగవు.

అంతలో స్ట్రాప్ కూడా తెగింది. బకిల్ పక్కనున్న రంధ్రం దగ్గర అప్పడంలా ఫట్‌మని విరిగింది. చలికి బిరుసెక్కే ప్లాస్టిక్‌తో మంచులో తొడిగే వస్తువు తయారుచేయడం ఏమిటో! స్నోషూ ఊడి, కాలు మోకాలి దాకా దిగబడి, బూటు నిండా మంచు. మేజోడు తడిసింది. చిన్నపిల్లల ఒంట్లో వేడి మనకంటే త్వరగా పోతుంది. పొడి మేజోళ్లు మార్చి కారు దాకా ఎత్తుకుని వచ్చాం. అదే ఇంకో మైలు లోపలికి వెళ్లి ఉంటే అన్న ఆలోచనే టెన్షన్ పెడుతోంది.

అమ్మినవాళ్లు మొదట "వాడకం వల్ల పాడైంది" అన్నారు. తర్వాత, నేను రాసిన రివ్యూ తీసేస్తే సగం డబ్బు ఇస్తామన్నారు. తీయలేదు. క్రెడిట్ కార్డు కంపెనీలో, వస్తువు చెప్పినట్టు లేదని డిస్ప్యూట్ వేశాను. లిస్టింగ్ ఫొటో, ఊడిన రంగు, తెగిన స్ట్రాప్ అన్నీ జతచేశాను. మీకూ ఇలా జరిగితే, ఆ కొనుగోలు కనిపించిన మొదటి స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల్లోపే ఫిర్యాదు చేయాలని గుర్తుంచుకోండి.

నన్నడిగితే అద్దెకు తీసుకోవడమే మేలు. పిల్లల కాళ్లు ఏటా పెరుగుతాయి, మనం వెళ్లేది ఏడాదికి ఒకటి రెండుసార్లు. కొనాలనే ఉంటే, పాదం ముందుభాగం కింద స్టీలు పళ్లు ఉన్నాయో లేదో చూడండి. మన సియాటిల్ కంపెనీ ఎం.ఎస్.ఆర్. చేసే టైకర్ లాంటి వాటికి ఉంటాయి. మడమ పైకి లేవాలి, బైండింగ్‌లో (బూటును స్నోషూకి బిగించే భాగం) పిల్లల మందపాటి స్నో బూటు పూర్తిగా పట్టాలి. ఇంట్లోనే బూటు తొడిగించి, మీరు గ్లవ్స్ వేసుకుని బకిల్ పెట్టి చూడండి. బరువు పరిమితిని కోటు, బూట్లతో కలిపి లెక్కేయాలి. కర్రల సంగతంటారా, ఈ వయసు పిల్లలు కాసేపటికే పారేస్తారు, మోసేది మనమే.

వయసు గురించి లిస్టింగ్ మాట అసలు నమ్మకండి. మౌంట్ రెయినియర్‌లో ప్యారడైజ్ దగ్గర రేంజర్లు వెంట ఉండి నడిపించే స్నోషూ నడకలకే 8 ఏళ్లు నిండాలని నియమం పెట్టారు. మూడేళ్ల పిల్లలకు తొక్కి గట్టిపడిన దారిలో మామూలు స్నో బూట్లే చాలు. గోల్డ్ క్రీక్‌లో కూడా చెరువు దాటి లోయలోకి వెళ్లొద్దు, పైనుంచి మంచు విరిగిపడే చోట్లున్నాయి. బయలుదేరే ముందు మంచు విరిగిపడే ప్రమాదం ఎంతుందో చెప్పే నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ వాళ్ల ఆ రోజు సూచన చూసుకోండి.

ఇప్పటికే ఇలాంటి సెట్ ఆర్డర్ చేసినవాళ్లు పెట్టె తెరవగానే పళ్ల మీద తాళంచెవితో ఒకచోట గీకి చూడండి. ప్లాస్టిక్ అని తేలితే మంచులోకి తీసుకెళ్లకుండా వెంటనే రిటర్న్ పెట్టండి. అప్పుడు వాడకం వల్ల పాడైందనే సాకు వాళ్లకు ఉండదు.