పాలటినో లైనోటైప్: శుభలేఖకి భేష్, ఫ్లెక్సీకి దండగ

నెల్లూరులో డీటీపీ పని, అంటే కంప్యూటర్‌లో కార్డులు, పుస్తకాలు కంపోజ్ చేసే పని చేసేవాళ్ళతో తెలుగు ఫాంట్ల గురించి గంటలకొద్దీ మాట్లాడొచ్చు, 'అను' అనే తెలుగు ఫాంట్లలో ఏ ఒత్తు ఎక్కడ ఇబ్బంది పెడుతుందో కూడా చెప్తారు. అదే శుభలేఖలో ఉండే నాలుగు ఇంగ్లీషు లైన్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం టైమ్స్ న్యూ రోమన్ పెట్టి వదిలేస్తారు. లేదంటే మెలికలు తిరిగిన స్క్రిప్ట్ ఫాంట్ ఒకటి పడేస్తారు, పెళ్ళికూతురి పేరేంటో తెలియాలంటే తెలుగు పేజీ తిప్పి చూసుకోవాల్సిందే. ఈ రెండిటి మధ్యలో సరిపోయే ఇంగ్లీషు ఫాంట్, పాలటినో లైనోటైప్, మన సిస్టమ్‌లోనే ఊరికే పడి ఉంది. విండోస్ 2000 నుంచి విండోస్‌తో పాటే వస్తోంది, విడిగా కొనక్కర్లేదు కూడా.

దీన్ని గీసింది హెర్మన్ జాఫ్ అనే జర్మన్. పేరు ఎప్పుడూ వినలేదంటారా? కత్తెర గుర్తు, పూలు, టిక్కు మార్కులు ఉండే జాఫ్ డింగ్‌బ్యాట్స్ వాడే ఉంటారుగా, ఆ జాఫే ఈయన. ముందు కాలిగ్రాఫర్, అంటే కలంతో అందంగా అక్షరాలు రాసేవాడు, ఆ తర్వాతే టైప్ డిజైనర్. పదహారో శతాబ్దంలో ఇటలీలో చేతిరాతకి పేరుపొందిన జాంబటిస్టా పాలటినో పేరే దీనికి పెట్టారు, దీని అసలు రూపం పాలటినోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చు అక్షరాలు పోతపోసే స్టెంపెల్ ఫౌండ్రీ 1950లో విడుదల చేసింది.

ఆ కలం గుణం అక్షరాల్లో తెలుస్తుంది. వెడల్పు పాళీని కాస్త ఏటవాలుగా పట్టి రాస్తే గీత ఒక చోట లావుగా, ఇంకో చోట సన్నగా వస్తుంది చూడండి, అలాగే ఉంటుంది. టైమ్స్‌లో సన్న గీత మరీ వెంట్రుకలా ఉంటే ఇందులో తేడా అంత ఉండదు. చిన్న సి, ఈ, ఏ అక్షరాల నోళ్ళు బాగా తెరుచుకుని ఉంటాయి. పెద్ద పి తీసుకుని జూమ్ చేయండి, దాని గుండ్రం కింద పూర్తిగా మూసుకోదు, చేత్తో రాసేవాడు తొందరలో వదిలేసినట్టు ఉంటుంది, నాకు మాత్రం ఆ పి అంటే మహా ఇష్టం. ఇటాలిక్ అయితే నిలువు అక్షరాలను పక్కకి వంచింది కాదు, పాత ఇటాలియన్ చేతిరాత నుంచి విడిగా గీసింది. శుభలేఖలో ఆహ్వానం లైను ఇటాలిక్‌లో, పేర్లు పెద్ద అక్షరాల్లో, అక్షరాల మధ్య కొంచెం ఖాళీ ఇచ్చి పెట్టి చూడండి, ఇక బోర్డర్ పువ్వులతో పనే ఉండదు.

తెలుగు పక్కన పెట్టినప్పుడే దీని అసలు విలువ బయటపడుతుంది. మన అక్షరాలన్నీ గుండ్రాలు, ఇదీ గుండ్రంగా, వెడల్పుగా ఉండేదే, కాబట్టి రెండూ కలిసిపోతాయి. గౌతమి లాంటి ఒకే మందంతో ఉండే సన్న ఫాంట్ పక్కన మాత్రం ఇంగ్లీషు నల్లగా, బరువుగా కనిపిస్తుంది. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే 'టిరో తెలుగు' ఫాంట్‌తో జత బాగుంది, దాని గీతలోనూ లావు సన్నం ఉంది. కాకపోతే టిరోలో బోల్డ్ లేదు. ఇంకోటి, పాలటినోలో తెలుగు అక్షరాలే లేవు, వర్డ్‌లో మొత్తం సెలెక్ట్ చేసి పాలటినో కొడితే తెలుగు వేరే ఫాంట్‌లోనే ఉంటుంది, దానికి విడిగా పెట్టుకోవాలి.

ఇది గీసిన కాలంలో, అంటే యుద్ధం అయిపోయిన కొత్తల్లో, జర్మనీలో మంచి కాగితం దొరికేది కాదు, అందుకే గీత కాస్త మందంగా పెట్టారు. ఆ గుణం మనకి ఇప్పటికీ పనికొస్తుంది. రొట్టెల పండుగ కరపత్రాలో, రంగనాయకుల గుడి బ్రహ్మోత్సవాల కరపత్రాలో పల్చటి గులాబీ రంగు కాగితం మీద వేస్తే టైమ్స్‌లో సన్న గీతలు తెగిపోతాయి, ఇది నిలబడుతుంది. స్కూలు సర్టిఫికెట్లకి, హోటల్ మెనూలకి కూడా హాయిగా వాడొచ్చు.

ఇక లోపాలు. స్థలం ఎక్కువ తినేస్తుంది. పొదలకూరు రోడ్డు అడ్రసు ఇంగ్లీషులో ఒక లైనులో పట్టదు, ప్రూఫ్ చూసిన పార్టీ "ఏందన్నా, ఇంగ్లీషు ఇంత వెడల్పుగా ఉండాది" అంటారు. సావనీర్ మొత్తం దీంట్లో కంపోజ్ చేస్తే పేజీలు పెరిగి కాగితం ఖర్చు మీద పడుతుంది, పుస్తకం లోపలి మ్యాటర్ కోసం జాఫే 1954లో ఆల్డస్ అని తేలికైన ఫాంట్ విడిగా చేశాడు. బోల్డ్ మరీ నలుపు. ఫ్లెక్సీల మీద అసలొద్దు, బస్సులో పోయేవాడికి ఈ సొగసంతా కనపడి చచ్చేది లేదు.

పాత తరహా అంకెలు, అంటే కొన్ని లైను కిందికి దిగి ఉండేవి, కూడా ఉన్నాయి, వర్డ్‌లో ఫాంట్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకోవచ్చు, పేజ్‌మేకర్‌లో కుదరదు. ముహూర్తం తేదీకి అందంగా ఉంటాయి, ఫోన్ నంబరుకి పెడితే మాత్రం అంకెలు కిందికి జారాయేంటని పార్టీ గొడవ.

బుక్ యాంటిక్వా అని దీనిలాగే ఉండేది ఇంకోటి ఆఫీస్‌తో వస్తుంది. పొరపాటున అది పెట్టుకోకండి, పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. ప్రెస్‌కి ఓపెన్ ఫైల్ పంపకుండా కోరల్‌లో కర్వ్స్ చేసి, అంటే అక్షరాలను బొమ్మలుగా మార్చి ఇవ్వండి, అప్పుడు ఫాంట్ మారదు. ఒక ప్రెస్‌లో నా కార్డు ఫాంట్ మారిపోయి టైమ్స్‌లో అచ్చయి వచ్చింది, అడిగితే అంతా ఒకటేగా అన్నారు.

అయిదుకి నాలుగు ఇస్తా. ఆ తగ్గించిన ఒకటీ వెడల్పుకే.