గౌరవమా, అభిమానమా: టీచరుకు ఏది మేలు?

మెగా డీఎస్సీ 2025 పుణ్యమా అని (16,347 ప్రభుత్వ టీచరు పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు కదా) మా చిత్తూరు, తిరుపతి వైపు స్టాఫ్‌రూముల్లో చాన్నాళ్ళకు కుర్రమొహాలు కనిపిస్తున్నాయి. సంతోషం. కానీ వచ్చినవాళ్ళంతా తిప్పి తిప్పి ఒకటే అడుగుతున్నారు: "అన్నా, పిలకాయలతో స్ట్రిక్ట్‌గా ఉండాల్నా, ఫ్రీగా ఉండాల్నా?" పైకి అడిగేది అది. లోపల ఉన్న టెన్షన్ ఏందంటే, పిల్లలు నన్ను గౌరవించేటట్టు చూసుకోవాలా, లేక నేనంటే ఇష్టపడేటట్టు చూసుకోవాలా అని. ఒక్కొక్కరికీ టీ తాగుతూ చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది కాబట్టి ఒకేసారి రాసేస్తున్నా. నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను, ఆ పక్షపాతం ఉంటుంది, సర్దుకోండి.

ముందు రెండు దారులు పక్కన పెట్టేద్దాం. ఒకటి భయం. విద్యాహక్కు చట్టం 2009లోనే వచ్చింది, అందులో 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ రెండింటినీ నిషేధించింది. వాళ్ళ నాన్నే బడికొచ్చి "నాలుగు తగిలించండి సార్, మేమేమీ అనుకోం" అన్నా సరే, కుదరదు. చట్టం సంగతి అటుంచినా, బెత్తంతో తెచ్చిన నిశ్శబ్దం మీరు గడప దాటగానే ఎగిరిపోయి, తర్వాత పీరియడ్ మేడం ప్రాణానికొస్తుంది. రెండోది దోస్తీ. పదో తరగతి పిల్లలతో భుజాల మీద చేతులేసుకుని రీల్స్ చేసేవాళ్ళున్నారు. పిల్లలకు దోస్తులు బోలెడుమంది ఉన్నారు, ఇంకొకరు అక్కర్లేదు. అంతే.

ఇక అసలు పోటీ.

అభిమానం వైపు బలం తక్కువేమీ కాదు. సారు నచ్చితే సబ్జెక్టు నచ్చడం మనందరికీ తెలిసిందే, మేడం మీద ఇష్టంతో ఛందస్సు కంఠతా పట్టిన పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. అంతకన్నా పెద్ద లాభం, అర్థం కానప్పుడు చెయ్యెత్తి అడగడం. మన జిల్లాల్లో దీనికి ఇంకో మెలిక ఉంది. నగరి, కుప్పం వైపు చాలా ఇళ్ళల్లో తమిళం మాట్లాడతారు, బడిలో తెలుగు, పుస్తకం తెరిస్తే ఒక పేజీ ఇంగ్లీషు, ఇంకో పేజీ తెలుగు. మూడు భాషల మధ్య నలిగే పిల్ల "సార్, అర్థం కాలా" అని నోరు తెరవాలంటే, తప్పు మాట్లాడినా ఈయన నవ్వడన్న ధీమా ఉండాలి. ఆ ధీమా ఆప్యాయత నుంచే వస్తుందని అభిమానం పార్టీ వాళ్ళ వాదన. ఒకటి, రెండు తరగతులకైతే నా ఓటు కూడా వాళ్ళకే. అమ్మ కొంగు వదలకుండా గేటు దగ్గర ఏడ్చే బిడ్డకు గౌరవం గురించి ఏం చెప్తాం, ఎత్తుకోవాలి గానీ.

ఆరో తరగతి నుంచి లెక్క మారుతుందని నా అభిప్రాయం. దానికి నా కారణం క్రమశిక్షణ కాదు, సిలబస్ కాదు. ఇష్టాన్ని క్లాసంతటికీ సమానంగా పంచలేం, అదీ అసలు చిక్కు.

పిల్లల ఇష్టం కావాలని కూర్చున్న టీచరు ఏం చేస్తాడో గమనించండి. ఆ ఇష్టం తొందరగా ఎవరి దగ్గర దొరుకుతుందో వాళ్ళ వైపు తనకు తెలీకుండానే వాలిపోతాడు. ముందు బెంచీలో కూర్చుని జోకు వెయ్యకముందే నవ్వే పిల్లవాడు, టీచర్స్ డేకి గ్రీటింగ్ కార్డు చేసుకొచ్చే అమ్మాయి, కాస్త ఇంగ్లీషు ముక్కలు వచ్చినవాళ్ళు, కాస్త ఉన్న ఇంటి నుంచి వచ్చినవాళ్ళు. ప్రశ్న వేస్తే చూపు వాళ్ళ మీదికే పోతుంది. మూడో వరసలో గోడ పక్కన కూర్చునే పిల్ల ఉంటుంది చూడండి, అల్లరి చెయ్యదు, ఫస్ట్ రాదు, ఫెయిలూ కాదు, జూన్‌లో ఎక్కడ కూర్చుందో ఏప్రిల్‌లోనూ అక్కడే. ఆ పిల్లకు ఈ ప్రేమలో వాటా రాదు. వాటా రాలేదని అడగను కూడా అడగదు. గంగజాతరలో అంబలి పోసేవాళ్ళు ముందు నిలబడింది ఎవరని చూడరు, వరసలో ఎవరి చెంబు ఉంటే దాంట్లో పోస్తారు. మర్యాద అట్లా పంచొచ్చు. ఇష్టాన్ని అట్లా పంచడం మనుషుల వల్ల కాదు, ఎవరైనా కుదురుతుందంటే నేను నమ్మను.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నగరి, పుత్తూరు ప్రాంతాల్లో మరమగ్గాల ఇళ్ళున్నాయి. అట్లాంటి ఇంటి పిల్లవాడు రాత్రి పొద్దుపోయేదాకా నాన్నకు సాయంగా కండెలు మారుస్తూ మేలుకుని, పొద్దున ఫస్ట్ పీరియడ్‌లో వర్గ సమీకరణాలు చెప్తుంటే బెంచీ మీద తల వాల్చేశాడు. జుట్టులో నూలు పీచు ఇంకా అట్లాగే ఉంది. అభిమానం కోరుకునే టీచరు "పోన్లే పాపం, పడుకోనీ" అంటాడు. వినడానికి ఎంతో బాగుంటుంది, ఆ పిల్లవాడికీ ఆ సారంటే ప్రాణం. కానీ రేపూ పడుకుంటాడు, ఎల్లుండీ పడుకుంటాడు, పబ్లిక్ పరీక్షలో లెక్కల్లో 35 తెచ్చుకోవాల్సింది మాత్రం వాడే. భయపెట్టే టీచరు బయట నిలబెడతాడు, నిద్రా పోతుంది లెక్కా పోతుంది. మూడో రకం మనిషి లేపి, మొహం కడుక్కుని రమ్మంటాడు. క్లాసు ముందర ఒక్క మాట అనడు. ఇంటర్వెల్‌లో పక్కకు పిలిచి "రాత్రి ఎన్నింటికి పడుకున్నావు నాయనా" అని అడుగుతాడు, మధ్యాహ్నం అన్నం తిన్నాక పోయిన లెక్కలు రెండూ కూర్చోబెట్టి చేయిస్తాడు, వీలైతే ఆదివారం వాళ్ళ వీధికి పోయి పబ్లిక్ పరీక్షలయ్యేదాకా వాణ్ణి తొందరగా పడుకోనివ్వమని నాన్నతో మాట్లాడి వస్తాడు. ఆ క్షణానికి పిల్లవాడికి ఈయన నచ్చడు, తినేసి ఆడుకుందామంటే లెక్కలేందిరా సామీ అనుకుంటాడు. అయితే తన పరువు తియ్యలేదన్నదీ, తనను వదిలెయ్యలేదన్నదీ రెండూ వాడికి తెలుస్తాయి. నేను గౌరవం అంటున్నది దీన్ని. వాడు మనకిచ్చేది తర్వాతి సంగతి, ముందు మనం వాడికిచ్చేది.

ఇక్కడ సెప్టెంబర్ 5 ఉపన్యాసాల్లో తప్పకుండా వచ్చే కథ ఒకటి చెప్పుకోవాలి. రాధాకృష్ణన్ గారు పుట్టిన తిరుత్తణి 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోనే ఉండేది, ఆయన చిన్నప్పుడు చదివింది తిరుపతి మిషన్ స్కూల్లో, కాబట్టి మనవాడని చెప్పుకోవడంలో తప్పులేదు. 1921లో మైసూరు వదిలి కలకత్తా యూనివర్సిటీకి పోతుంటే విద్యార్థులు బండికి గుర్రాలు విప్పేసి రైల్వే స్టేషన్ దాకా తామే లాక్కుపోయారు. చూడండి, అభిమానం అంటే అదీ అంటారు మైకు ముందర. నిజమే, అభిమానమే. కానీ ఆయన మైసూరులో ఉన్నది 1918 నుంచి మూడేళ్ళే, ఆ మూడేళ్ళల్లో పాఠాలు చెప్తూనే తత్వశాస్త్రం మీద పుస్తకం కూడా తెచ్చిన మనిషి. పిల్లల మెప్పు కోసం తిరిగే తీరిక ఉండి ఉంటుందని నాకైతే అనిపించదు. ఆ బండి లాగించిన ప్రేమ, పాఠం వెనకాలే వచ్చింది.

రెండో పెద్దాయన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి, 1895లో మదనపల్లెలో పుట్టారు. అక్కడికి దగ్గర్లోని రిషివ్యాలీ స్కూల్ మొదలైంది 1926లో. భయం ఉన్నచోట నేర్చుకోవడం ఉండదన్నది ఆయన పట్టు. పిల్లల పట్ల గౌరవం లేని టీచరు వాళ్ళ నుంచి గౌరవం అడిగితే దక్కేది నిర్లక్ష్యమేనన్నది కూడా ఆయన మాటల సారం. మా వాళ్ళు కొందరు "అది రెసిడెన్షియల్ స్కూల్ అన్నా, మన దగ్గర సెక్షన్ నిండా పిల్లలు, పైగా యాప్‌లో ఫోటోలు ఎక్కించే పని" అంటారు. ఒప్పుకుంటా. అయితే పిల్లల పట్ల మర్యాదకు ప్రత్యేకంగా టైమ్ ఏమీ కేటాయించక్కర్లేదు కదా, ఫోటోలు ఎక్కిస్తూ కూడా "ఒరేయ్" బదులు పేరు పెట్టి పిలవొచ్చు.

గౌరవం పార్టీలో ఉన్న తెగులు కూడా చెప్పాలి. కొంతమందికి గౌరవమంటే అందరూ లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ సా...ర్" అని రాగం తియ్యడం. బజారులో కనపడి నమస్కారం పెట్టలేదని సోమవారం క్లాసులో ఆ పిల్లవాడి మీద కక్ష తీర్చుకునేవాళ్ళున్నారు. అది అహం, దాని బాధ వాళ్ళే పడాలి. ఈ రకం వాళ్ళతో పోలిస్తే అభిమానం కోసం తాపత్రయపడే కుర్ర టీచరే వెయ్యి రెట్లు నయం, కనీసం కావాలని ఎవరికీ హాని చెయ్యడు.

మరి గౌరవం ఎట్లా సంపాదించాలి అంటే, పెద్ద విద్యలేమీ లేవు. లెక్క ముందురోజు ఇంట్లో ఒకసారి చేసుకుని పోండి, బోర్డు మీద ఇరుక్కుంటే పిల్లలకు క్షణంలో తెలిసిపోతుంది. తెలీని ప్రశ్న అడిగితే "రేపు చూసి చెప్తా" అనండి, కానీ రేపు నిజంగా చెప్పండి, వాళ్ళు మరిచిపోరు. అన్నిటికన్నా ముఖ్యం, ఎఫ్ఏ (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షలు) పేపర్లు దిద్ది ఇచ్చేటప్పుడు మార్కులు గట్టిగా చదవద్దు. పేపరు మడిచి చేతికివ్వండి. నాలుగే మార్కులు వచ్చినవాడి పేపరు మీద రైట్ చేసిన ఒక్క స్టెప్పు దగ్గర టిక్ పెట్టి, ఎక్కడ మైనస్ గుర్తు మరిచిపోయాడో గీత గీసి చూపించండి. గోడ పక్క పిల్ల ఆ పేపరును ఎంతసేపు చూసుకుంటుందో మీరే చూస్తారు.

నిక్‌నేముల గురించి కూడా ఇద్దరు ముగ్గురు బెంగగా అడిగారు. పెడతారు, మీరు ఏ పార్టీలో ఉన్నా పెడతారు. నాకూ ఒకటుంది, ఇక్కడ మాత్రం చెప్పను.