‘ఆర్‌అండ్‌డీ’ వనామీ మేత: కిలోకు 8 రూపాయలు ఎక్కువ పెట్టొచ్చా?

భీమవరం, ఉండి డీలర్ల దగ్గర ఈ సీజన్‌లో ఒక వనామీ రొయ్యల మేత మామూలు రకం కంటే కిలోకు 8 రూపాయలు ఎక్కువ పలుకుతోంది. బస్తా మీద ‘ఆర్‌అండ్‌డీ (పరిశోధన, అభివృద్ధి) ఫార్ములా’ అని పెద్దక్షరాలు. అంటే కంపెనీ పరిశోధనకు రైతు కట్టే ధర ఆ 8 రూపాయలే.

సరుకు వరకూ వంక పెట్టడానికి లేదు. గుళికలన్నీ ఒకే సైజు, బస్తా అడుగున పొడి తక్కువ, గ్లాసు నీళ్లలో రెండు గంటలున్నా విడిపోవడం లేదు. రొయ్యలు మేత ఎంత తింటున్నాయో చూడటానికి చెరువులో దించే చెక్ ట్రే కూడా త్వరగానే ఖాళీ అవుతోంది.

అసలు సంగతి ఎఫ్‌సీఆర్ దగ్గర, అంటే కిలో రొయ్యకు ఎన్ని కిలోల మేత పట్టిందన్న లెక్క దగ్గర తేలుతుంది. మామూలు మేత కిలో 92 రూపాయలు, ఎఫ్‌సీఆర్ 1.4 అనుకుందాం. కిలో రొయ్యకు మేత ఖర్చు 128.80. కొత్తది 100 రూపాయలు కాబట్టి ఎఫ్‌సీఆర్ 1.288కి దిగితేనే సరికి సరి. అనుకున్న కౌంట్ (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) ముందే వస్తే మిగిలే కరెంటు, డీజిల్ ఖర్చు దీనికి అదనం.

కంపెనీ ట్రయల్ షీటులో 1.25 అని ఉంది. అయితే అది పట్టుబడి (చెరువంతా పట్టి తూచిన) లెక్క కాదు, మధ్యలో శాంపిలింగ్ చేసి, అంటే కొన్ని రొయ్యలనే పట్టి చూసి వేసిన అంచనా. లక్ష సీడ్ (రొయ్య పిల్లలు), 20 గ్రాముల సైజు, 80 శాతం బతికాయనుకుంటే 1,600 కిలోలు. వేసిన మేత 2,000 కిలోలు, అంటే ఎఫ్‌సీఆర్ 1.25. బతికినవి 70 శాతమే అయితే సరుకు 1,400 కిలోలకు పడిపోయి ఎఫ్‌సీఆర్ 1.43 అవుతుంది. కిలోకు 3.80 మిగలాల్సిన చోట 14 రూపాయలు పోతాయి! మామూలు మేతకూ ఇదే పొరపాటు జరగొచ్చు కాబట్టి రెండింటినీ పట్టుబడి తూకంతోనే పోల్చాలి. పక్కన మామూలు మేత వేసిన చెరువు లెక్క షీటులో లేనే లేదు.

ట్రయల్ చెరువు ఉప్పదనం కూడా రాయలేదు. ఉండి, ఆకివీడు వైపు ఉప్పదనం తక్కువ. అలాంటి నీళ్లలో పొటాషియం, మెగ్నీషియం చాలకపోతే మంచి మేత వేసినా పెరుగుదల రాదు. సముద్రం ఒడ్డు ఫలితం ఇక్కడికి అలాగే పనికిరాదు.

పెద్ద కంపెనీలు డైరెక్టర్ల నివేదికలో ఆర్‌అండ్‌డీ ఖర్చు చూపిస్తాయి. అది వాటాదారుకు ఉపయోగం, చెరువు గట్టు మీద కాదు.

వాడి చూడాలంటే పక్కపక్క చెరువులు రెండు, ఒకే హ్యాచరీ సీడ్, ఒకే రోజు స్టాకింగ్ (పిల్లల్ని వదలడం), ఎకరాకు అన్నే ఏరియేటర్లు (నీళ్లకు గాలి అందించే యంత్రాలు) ఉండాలి. తర్వాతి పంటకు మేతలు తారుమారు చేయాలి, లేకపోతే చెరువు గొప్ప మేత ఖాతాలో పడుతుంది. ఈహెచ్‌పీ అనే రొయ్యల జబ్బు వచ్చిన చెరువును లెక్కలోంచి తీసేయాలి. రొయ్య తింటుంది గానీ పెరగదు.

ప్రస్తుతానికి ఒక చెరువుకు మించి కొనొద్దు. 8 రూపాయల తేడా కూడా నగదు ధరల మీదే చూడండి. అరువు బస్తాలో వడ్డీ కలిసి ఉంటుంది.