వంపు మడతచాకు: జేబులో పెట్టుకోవడానికి ఏది మంచిది?

కడియపులంక నర్సరీల్లో పనిచేసేవాళ్లలో చాకు లేని మనిషి కనిపించడు. అంటు కట్టేవాళ్ల దగ్గర పలుచటి నిటారు చాకు ఉంటుంది. సంచులు నింపేవాళ్ల దగ్గర పాత రంపపు బ్లేడును అరగదీసి చేసుకున్న కత్తి ఉంటుంది. నా నడుముకు చాలా ఏళ్లుగా ఉన్నది ఒపినెల్ అనే ఫ్రెంచి కంపెనీ 8వ నంబరు వంపు చాకు. బీచ్ చెక్క పిడి, లోపలికి వంగిన అలుగు (బ్లేడు), పిడి మెడ దగ్గర తిప్పితే బిగుసుకునే ఉక్కు కట్టు. ఇంతకు మించి ఇందులో ఏమీ లేదు.

ఈ మధ్య వంపు చాకు కొనాలనుకునే కుర్రాళ్లు చాలామంది నన్ను సలహా అడుగుతున్నారు. రోజూ జేబులో పెట్టుకోవడానికీ, ఆపద వస్తే ఆత్మరక్షణకూ కలిపి ఒకటే చాకు చెప్పమంటారు. మొదటి పనికి నేను నా చాకును కళ్లు మూసుకుని సిఫారసు చేస్తాను. రెండో పనికి ఏ వంపు చాకునూ సిఫారసు చేయను. ఎందుకో వివరంగానే చెబుతాను.

ముందు వంపు సంగతి. బొటనవేలంత లావున్న పచ్చి కొమ్మను నిటారు చాకుతో లాగి కోయబోతే కొమ్మ మొనవైపు జారిపోతుంది. చేతిలో బలం ఉన్నా పని సాగదు. వంపు అలుగులో కొమ్మ జారడానికి దారి లేదు. లాగేకొద్దీ వంపు లోపలికి వచ్చి కూర్చుంటుంది, కొడవలికి వరి దుబ్బు చిక్కినట్టు. అందుకే గుండ్రంగా ఉన్నదీ, జారేదీ, వేలాడేదీ ఏదైనా దీనికి సులువే: డ్రిప్ గొట్టం, పురికొస, కొబ్బరితాడు, అరటి పిలక, గులాబీ కొమ్మ. పచ్చి కొమ్మకు ఏటవాలుగా పెట్టి ఒక్క లాగు లాగితే కోత నున్నగా వస్తుంది. కత్తెర అయితే రెండువైపుల నుంచీ నొక్కి బెరడును కొంత నలుపుతుంది.

నాకు దీని విలువ బాగా తెలిసేది మాత్రం కొమ్మల దగ్గర కాదు, నల్ల ప్లాస్టిక్ సంచుల దగ్గర. రెండేళ్లు పెరిగిన మామిడి అంటును పెద్ద సంచిలోకి మార్చాలంటే పాత సంచిని నిలువునా చీల్చాలి. సంచి లోపలి గోడకు వేళ్లు అల్లుకుని ఉంటాయి. నిటారు చాకు మొన గుచ్చితే నేరుగా వేళ్లలోకి దిగుతుంది. వంపు చాకుతో అయితే సంచి అంచు దగ్గర మొనను ప్లాస్టిక్కు కింద తగిలించి పైకి లాగితే చాలు. మొన బయటికి చూస్తూ ప్లాస్టిక్‌ను మాత్రమే చీల్చుకుంటూ పోతుంది, అలుగు వెన్ను, అంటే పదును లేని వెనకవైపు, మట్టిని ఒరుసుకుంటూ వస్తుంది. మట్టిగడ్డ విరగదు, సన్నవేళ్లు తెగవు. లోడు ఎక్కించే రోజుల్లో వరసగా వందల సంచులు చీల్చాల్సి వచ్చినప్పుడు మణికట్టుకు తెలిసే తేడా ఇది.

అదే చాకుతో ఉల్లిపాయ తరగాలన్నా, మామిడికాయ చెక్కు తీయాలన్నా విసుగు వస్తుంది. చదునైన పలక మీద వంపు అలుగు మొన మాత్రమే ఆనుతుంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర పండ్లు కోయడం, ఉత్తరాలు చింపడం, పెన్సిలు చెక్కడం మీ రోజువారీ పనులైతే మామూలు నిటారు చాకే కొనుక్కోండి. వంపు ఎంత లోతుగా ఉంటే అది చేసే పనులు అంత తక్కువ. ఒపినెల్ వంపు లోతు తక్కువ, అంటే నెలవంక తిరిగినంత కాదు, కాస్త వాలినంతే. అందుకే అప్పుడప్పుడూ జామకాయ కోసుకు తినడానికీ పనికొస్తుంది. కొక్కెంలా పూర్తిగా తిరిగిన అలుగుతో అదీ కుదరదు.

ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల ప్రాంతమైన సవోయ్‌లో జోసెఫ్ ఒపినెల్ 1890లో ఈ చాకుల తయారీ మొదలుపెట్టాడు. రైతుల కోసం చేసిన చాకు అని పట్టుకోగానే తెలుస్తుంది. అలుగు మూసుకుని వేళ్ల మీద పడకుండా ఆపే తిరుగుడు కట్టును 1955లో జోడించారు. 2000 నుంచి అదే కట్టు చాకు మూసి ఉన్నప్పుడు కూడా బిగుసుకుంటుంది. నాకు ఈ రెండోదే ఎక్కువ విలువైనది, ఎందుకంటే చెట్టెక్కినప్పుడు జేబులో చాకు దానంతటది తెరుచుకోకూడదు. అయితే కట్టు తిప్పడానికి రెండో చెయ్యి కావాలి. ఒక చేత్తో కొమ్మ పట్టుకుని ఇంకో చేత్తో చాకు తెరుద్దామంటే కుదరదు. ముందే తెరిచి పెట్టుకోవాలి. నాకు అలవాటైపోయింది, అందరికీ కాకపోవచ్చు.

చెక్క పిడికి గోదావరి గాలి పడదు. శ్రావణ భాద్రపదాల్లో చెక్క ఉబ్బి అలుగు పిడిలో బిగుసుకుంటుంది, గోరు పెట్టి లాగినా రాదు. దీనికి సవోయ్ రైతులదే ఒక చిట్కా ఉంది. కట్టును తెరిచే వైపు తిప్పి, పిడి వెనక చివరను బల్ల అంచుకు ఒక్కసారి గట్టిగా కొడితే అలుగు మొన దానంతటదే బయటికి తల ఎత్తుతుంది. అప్పుడు పట్టుకుని తెరవాలి. వానలు మొదలయ్యే ముందు నేను చాకును నాలుగైదు రోజులు నీడలో బాగా ఎండనిచ్చి, పిడి చీలికలోకీ కీలు దగ్గరికీ అవిసెనూనె పట్టిస్తాను. నూనె తాగిన చెక్క తక్కువ ఉబ్బుతుంది. నీళ్లలో నానబెట్టి కడగడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు.

అలుగు తుప్పు పట్టని స్వీడన్ ఉక్కు. పదును కార్బన్ ఉక్కులో నిలిచినంత కాలం నిలవదు, కానీ మామిడి సొన, సపోటా పాలు, నిమ్మ పులుపు రోజూ తగిలే చోట నాకు తుప్పు పట్టకపోవడమే ముఖ్యం. సొన, పాలు కీలులోకి చేరి జిగురులా గట్టిపడతాయి. వారానికోసారి పాత టూత్‌బ్రష్షుకు కాస్త కిరోసిన్ అద్ది కీలునూ కట్టునూ రుద్దాలి, తర్వాత పొడిగుడ్డతో తుడిచి ఒక చుక్క నూనె వేయాలి. నిమ్మ మొక్కల వరసలో పనిచేసేటప్పుడు మరో జాగ్రత్త ఉంది. గజ్జి తెగులు పట్టిన కొమ్మ కోసిన అలుగుతో పక్క మొక్కను ముట్టుకుంటే తెగులును మనమే మోసుకెళ్లినట్టు. జేబులో చిన్న సీసాలో స్పిరిట్, ఒక గుడ్డముక్క ఉంచుకుని మొక్క మొక్కకూ అలుగు తుడుస్తాను.

సాన పట్టడం దగ్గర చాలామంది వంపు చాకును పాడుచేస్తారు. చదునైన సానరాయి మీద రుద్దితే వంపు మధ్యభాగం రాయికి తగలదు, మొన దగ్గర మాత్రం అరిగిపోతుంది. కొన్నాళ్లకు వంపే మారిపోతుంది. గుండ్రటి సిరామిక్ కడ్డీ ఉంటే మంచిది. లేకపోతే అంగుళం పీవీసీ గొట్టానికి 1000 నంబరు గరుకు కాగితం బిగుతుగా చుట్టి, అలుగు లోపలి వంపు వెంబడి పిడి దగ్గర నుంచి మొన దాకా మెల్లగా నడిపించాలి. బయటివైపు పుట్టిన సన్నటి లోహపు పొరను పాత తోలు బెల్టు మీద తుడిచేయాలి. ఇది చూసి మా మేస్త్రి కూడా అలాగే చేస్తున్నాడు. రంపపు పళ్లున్న వంపు అలుగైతే ఇంట్లో సాన పట్టడం ఇంకా కష్టం.

పళ్లున్న అలుగు అసలు వద్దని మాత్రం అనను. భీమవరం వైపు రొయ్యల చెరువులు చేసే మా పెదనాన్నగారి అబ్బాయి దగ్గర స్పైడర్‌కో కంపెనీ టాస్మన్ సాల్ట్ అనే మడతచాకు ఉంది. అది పళ్లున్న కొక్కెపు అలుగు. అతని చెరువు గట్టు మీద ఉన్నప్పుడల్లా నేనూ దాన్ని వాడతాను. దాని హెచ్1 ఉక్కులో కార్బన్ స్థానంలో ఎక్కువ పని నైట్రోజన్ చేస్తుంది, అందుకే ఉప్పునీటిలో పడేసినా తుప్పు పట్టదు. తడిసిన నైలాన్ తాడు, చిక్కుపడ్డ వలను నా చాకు పట్టి పట్టి కోస్తుంటే దాని పళ్లు ఒక్క లాగుతో తెంచేస్తాయి. అలుగులో ఉన్న గుండ్రటి రంధ్రంలో బొటనవేలు పెట్టి ఒంటిచేత్తో తెరవవచ్చు, జేబు అంచుకు తగిలించే క్లిప్పూ ఉంది. ధర నా చాకుకు ఎన్నో రెట్లు. కానీ కొమ్మ మీద దాని కోత నున్నగా రాదు, పీచుపీచుగా వస్తుంది. ఉప్పునీటిలో తాళ్లతో పనిచేసేవాళ్లకు అదే సరైనది, మొక్కల వాళ్లకు కాదు.

ఇక కుర్రాళ్లు ఎక్కువగా అడిగే కరాంబిట్. సుమత్రా దీవిలోని మినాంగ్కబావు ప్రజల వంపు కత్తి అది, పిడి చివర చూపుడువేలు దూర్చే ఉంగరం ఉంటుంది. వీడియో గేముల పుణ్యమా అని దాని మడత రూపాలు ఇప్పుడు ఎక్కడ చూసినా అమ్ముతున్నారు. మా దగ్గర పనిచేసే ఒక అబ్బాయి చవకలో ఒకటి తెప్పించుకున్నాడు. కొంతకాలం పనిలో నేనూ వాడి చూశాను. ఉంగరం జేబులో పొడుచుకుంటుంది, చేతి తొడుగు వేసుకుంటే వేలు దూరదు. అంతకంటే ముఖ్యం తెరిచిన అలుగు మూసుకోకుండా ఆపే దాని తాళం. అలుగు తెరిచి, పిడిని వేళ్లు దారిలో లేకుండా చివర పట్టుకుని, వెన్నును చెక్కబల్ల మీద తేలికగా తట్టాను. తాళపు పలక జారి అలుగు మూసుకుపోయింది. ఆ సమయంలో ఉంగరంలో వేలు ఉండి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు. పేరున్న తయారీదారులు చేసే మంచి కరాంబిట్లు ఉన్నాయి, వాటి తాళాలు గట్టివే. అయినా అలుగు అంత లోతుగా తిరిగి ఉండటం వల్ల సంచి చీల్చడం తప్ప నర్సరీలో వాటితో అయ్యే పని పెద్దగా లేదు.

మరి ఆత్మరక్షణ? ఇక్కడ నేను మొహమాటపడను. రాత్రిపూట ఎవరైనా మీద పడితే జేబులో చెయ్యి పెట్టి, చాకు తీసి, తెరిచి, తాళం పడిందో లేదో చూసుకునేంత వ్యవధి ఉండదు. ఆ వ్యవధి ఉంటే పరుగెత్తడానికీ ఉంటుంది. ఒకవేళ తెరిచినా చాకు పనిచేయాలంటే ఎదుటివాడికి చేతికందే దూరంలో నిలబడాలి. పెనుగులాటలో అది ఎవరి చేతికి పోతుందో ఎవరూ చెప్పలేరు. చెమట పట్టిన చేతిలో నున్నటి పిడి మీ వేళ్ల మీదికే జారుతుంది. కొక్కెపు అలుగు చేసే గాయం చిన్నది కాదు, భయపెట్టి ఆపే మార్గం అందులో లేదు. తెగిన రక్తనాళం పర్సు దొంగదైనా ప్రాణం ప్రాణమే. ఆ తర్వాత పోలీసు స్టేషనూ కోర్టూ ఉంటాయి. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును ఇస్తున్నాయి, కానీ అవసరాన్ని మించిన హాని చేసే హక్కును ఇవ్వడం లేదు. ఉంగరం ఉన్న పోరాట కత్తిని జేబులో ఎందుకు పెట్టుకున్నావని అడిగితే ఆ కుర్రవాడు ఏమి జవాబు చెబుతాడు? నన్ను అడిగే ఈ కుర్రాళ్ల అమ్మానాన్నలు నాకు తెలిసినవాళ్లు. అందుకే ఈ మాట పదేపదే చెబుతున్నాను.

మా నర్సరీలో రాత్రి కాపలా ఉండేవాళ్లకు నేను కొనిచ్చింది గట్టి వెలుగునిచ్చే టార్చిలైటు, మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు, చేతికర్ర, ఈల. పాముకైనా కుక్కకైనా మనిషికైనా అవి ముందు పనిచేస్తాయి. కళ్లలోకి టార్చి వేస్తే ఎదుటివాడు ఒక క్షణం తడబడతాడు, ఆ క్షణంలో దూరం జరగవచ్చు. ఫోనులో 112 ఉండనే ఉంది. పట్టణంలో ఒంటరిగా తిరిగే ఆడపిల్లలకు మిరియాల స్ప్రే చాకు కంటే ఎంతో మేలు.

చట్టం మాట వచ్చింది కాబట్టి మరో రెండు విషయాలు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు అలుగు ఉన్న కత్తులు ఆయుధాల కిందికి వస్తాయి. ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవాటికి మినహాయింపు ఉంది. నా చాకు అలుగు సుమారు 8 సెంటీమీటర్లు, కాబట్టి ఇక్కడ ఇబ్బంది లేదు. ఢిల్లీ సంగతి వేరు. 7.62 సెంటీమీటర్లు, ఆపైన పొడవూ 1.72 సెంటీమీటర్లు, ఆపైన వెడల్పూ ఉన్న స్ప్రింగు చాకులు, బటను చాకులు, అలాంటి ఇతర యాంత్రిక అమరికతో తెరుచుకునే చాకుల మీద అక్కడ 1980 నుంచి ఆంక్ష ఉంది. ఏ చాకు దాని కిందికి వస్తుందో అన్న గొడవ ఎందుకని అటు మొక్కల లోడు వెళ్లేటప్పుడు లారీ వెంట వెళ్లే మా మనిషికి తాళ్లు కోయడానికి కత్తెర ఇచ్చి పంపిస్తాను. విమానంలో చేతిసంచిలో ఏ చాకూ కుదరదు. తిరుమల వెళ్లేటప్పుడు అలిపిరి తనిఖీ గుర్తుపెట్టుకుని చాకును ఇంట్లోనే వదిలిపెట్టి బయలుదేరతాను.

కొనేముందు చాకును చేత్తో పట్టుకుని చూసే అవకాశం ఉంటే మూడు విషయాలు చూడండి. తెరిచాక అలుగు పక్కలకు ఊగకూడదు. వెన్ను మీద తట్టినా తాళం కదలకూడదు. మూసినప్పుడు మొన పిడి చీలికలో పూర్తిగా దాగాలి, వేలితో తడిమితే గుచ్చుకోకూడదు. వంపు చాకుల్లో ఈ మూడోదే ఎక్కువగా తప్పుతుంది, ఎందుకంటే వంగిన మొనకు చీలికలో చోటు దొరకడం కష్టం. ఒపినెల్‌కు క్లిప్పు ఉండదు, జేబులో వేస్తే తాళంచెవుల మధ్య కిందికి దిగిపోతుంది. రాజమహేంద్రవరంలో చెప్పులు కుట్టే ఒకాయన చేత బెల్టుకు తగిలించే తోలు ఒర కుట్టించుకున్నాను. కింద చిన్న రంధ్రం పెట్టమన్నాను, వానలో నీళ్లు నిలవకుండా.